రెండో సర్వర్ తీసుకునే ముందు

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ రొయ్యల మేత యాప్ సాయంత్రం పూట కూలబడుతోందనీ, ఇంకో సర్వర్ తీసుకుని వచ్చే పనిని రెండింటికీ పంచే లోడ్ బ్యాలెన్సర్ ముందర పెడతాననీ రాశావు. పెట్టాల్సిందే. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) వారీ ధరలు పడగానే విడవలూరు నుంచి ముత్తుకూరు దాకా గుంటల మీదున్న రైతులంతా ఒక్కసారే ఫోను తీస్తారు. ఆ తాకిడి ఒక్క యంత్రం మోసేది కాదు. అయితే లోడ్ బ్యాలెన్సర్ బరువు పంచుతుందేగానీ, యాప్‌లో ఉన్న లోపాన్ని సరిచెయ్యదు. మొదటి సర్వర్ తన దగ్గరే దాచుకున్నవి ముందు బయటికి తియ్యి.

ముఖ్యంగా సెషన్లు. రైతు లాగిన్ అయిన సంగతి ఇప్పుడు ఆ ఒక్క సర్వర్ మెమరీలోనే ఉంది. తర్వాతి క్లిక్ రెండోదానికి పోతే అది మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పటిదాకా బుట్టలో వేసుకున్న నలభై బస్తాలూ కనపడవు. రైతును కుకీతో ఒకే సర్వర్‌కు కట్టేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. అది తాత్కాలికం. ఆ సర్వర్ పడితే దానికి కట్టేసినవాళ్లంతా ఒకేసారి బయటపడతారు. సెషన్లు రెడిస్‌లో, అంటే రెండు సర్వర్లూ చూడగలిగే విడి మెమరీ స్టోరులో పెట్టు. బిల్లుల పీడీఎఫ్‌లూ, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలకు రైతులు తీసి పంపే ఫొటోలూ సర్వర్ డిస్కు మీద వద్దు, రెండింటికీ అందే ఉమ్మడి స్టోరేజీలోకి మార్చు. వేళకు తనంతట తానే నడిచి బాకీల మెసేజీలు పంపే క్రాన్ పని రెండు చోట్లా ఉంటే ప్రతి డీలరుకూ రెండేసి పోతాయి. దాన్ని ఒకచోటే నడుపు.

తర్వాత డేటాబేస్, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నువ్వు మార్చకపోతే కనెక్షన్ల పరిమితి 100, అందులో 3 సూపర్‌యూజర్‌కు పక్కన ఉంటాయి. నీ సర్వర్‌లో నాలుగు వర్కర్ ప్రాసెస్‌లుండి ఒక్కోదానికి వాడుకోడానికి తెరిచి ఉంచుకునే 15 కనెక్షన్ల గుంపు (పూల్) ఉందనుకో. అంటే 60. ఇప్పుడు బానే నడుస్తుంది. రెండో సర్వర్ కూడా అట్టాగే పెడితే 120 అవుతుంది, రద్దీ వేళకు డేటాబేస్ కొత్త కనెక్షన్లు ఇవ్వనంటుంది. జనం ఎక్కువై యాప్ పడిందనుకుంటాం గానీ, పడేసింది మనం కొన్న రెండో సర్వరే. పూల్ ప్రాసెస్‌కు 10 చేస్తే మొత్తం 80. మిగిలినవి రిపోర్టులకూ, నువ్వు లోపలికి పోయి చూసుకోడానికీ ఉంటాయి. ఇంకా పెరిగేట్టుంటే మధ్యలో కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టు. అసలు సాయంత్రం నిండిపోతున్నది సర్వర్ సీపీయూనా, లేక ధరల పేజీ వెనకున్న క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఇండెక్స్ అనే వెతుకుడు సూచిక లేనందుకు ఈడ్చుతోందా, అది చూశాకే డబ్బు ఖర్చు పెట్టు.

లెక్క ఇట్టా వేసుకో. సెకనుకు 40 రిక్వెస్టులొచ్చి ఒక్కోటి పావు సెకను పడితే, ఏ క్షణంలోనైనా చేతిలో 10 పనులుంటాయి. అదే ఒక్కోదానికి రెండు సెకన్లు పడితే 80 అవుతాయి. జనం పెరగకపోయినా మెల్లబడడంతోనే కూలిపోయేది అందుకే. ఇంకోటి, రెండు సర్వర్లున్నప్పుడు రద్దీలో ఒక్కోటి సగానికి మించి నిండకూడదు. 70 శాతం చొప్పున నడిచేవాటిలో ఒకటి పడితే రెండోదాని మీద 140 పడుతుంది, అది కూడా పడుతుంది. ఖర్చు భరించగలిగితే మూడు చిన్నవి తీసుకో, అప్పుడు 60 దాకా పోవచ్చు.

పంచే పద్ధతికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. కాలువ నీళ్లకు వంతులు పెట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి పంపడం మామూలు. మీకు మాత్రం నెలవారీ లెడ్జర్ లాంటి బరువైన పేజీలున్నాయి గనక, చేతిలో తక్కువ పని ఉన్నదానికే పంపే లీస్ట్‌కాన్ పెట్టు.

సర్వర్ బతికుందో లేదో బ్యాలెన్సర్ అడిగి చూసే హెల్త్ చెక్ దగ్గర నిదానంగా ఉండు. ఎచ్‌ఏప్రాక్సీ అనే బ్యాలెన్సర్‌లో చెక్ అని మాత్రం రాస్తే అది పోర్టు తెరుచుకుందా లేదా అనే చూస్తుంది. యాప్ బిగుసుకుపోయినా కనెక్షన్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నలే తీసుకుంటుంది గనక, చచ్చిన సర్వర్ కూడా బతికున్నట్టే కనపడుతుంది. హెచ్‌టీటీపీ చెక్ పెట్టి, యాప్ కోడ్ నుంచే జవాబు వచ్చే చిన్న పేజీని అడిగించు. ఆ పేజీలో డేటాబేస్‌ను మాత్రం తడమొద్దు. డేటాబేస్ కాసేపు తడబడితే అన్ని సర్వర్లూ ఒకేసారి వరసలోంచి తీసేయబడి, అందరికీ సేవ అందుబాటులో లేదనే 503 ఎర్రర్ వస్తుంది. ఎచ్‌ఏప్రాక్సీ డిఫాల్ట్‌గా రెండేసి సెకన్లకోసారి అడిగి, మూడుసార్లు తప్పితే తీసేస్తుంది. అంటే దాదాపు ఆరు సెకన్లు. అమెజాన్ వాళ్ల అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో ఇది 30 సెకన్లకోసారి అడిగి, రెండుసార్లు తప్పితే తీసెయ్యడం, ఆ 30ని 10కి తగ్గించుకో.

ఆ ఆరు సెకన్లలో ఆర్డరు నొక్కిన రైతు జవాబు రాక మళ్లీ నొక్కుతాడు. మొదటిది కూడా లోపలికి పోయుంటే బస్తాలు రెట్టింపై, లారీ బయల్దేరాక గొడవ. ఆర్డరు నంబరు ఫోన్లోనే పుట్టించి, డేటాబేస్‌లో అదే నంబరు రెండోసారి ఎక్కకుండా యునిక్ కట్టడి పెట్టు.

హెచ్‌టీటీపీఎస్ గుప్తలిపిని బ్యాలెన్సర్ దగ్గరే విప్పితే, వెనకున్న యాప్ తనకు మామూలు హెచ్‌టీటీపీ వచ్చిందనుకుని మళ్లీ మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌కే దారి మళ్లిస్తుంది, పేజీ తెరుచుకోదు. రైతు వచ్చింది హెచ్‌టీటీపీఎస్ మీదేనని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపి, యాప్‌ను దాన్ని నమ్మమను. రైతు అసలు ఐపీ చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ కూడా అంతే. అది లేకపోతే అందరి ఐపీ బ్యాలెన్సర్‌దే అవుతుంది, ఒకడు తప్పు పాస్‌వర్డ్ పదిసార్లు కొడితే అందరికీ తలుపు పడుతుంది. బ్యాలెన్సర్ నుంచి వచ్చినప్పుడే వీటిని నమ్మాలి, బయటివాళ్లు సొంతంగా రాసి పంపగలరు.

బ్యాలెన్సర్ కూడా ఒక యంత్రమే, అదొక్కటే ఉంటే వెనక ఎన్నున్నా ఒకటే. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగితే రైళ్లన్నీ ఎట్టా ఆగాయో తెలుసుగా. సొంతంగా పెట్టుకుంటే రెండు తీసుకుని కీప్‌అలైవ్‌డీతో ఒకే అడ్రసు పంచు, ఒకటి పడితే రెండోది ఆ అడ్రసు అందుకుంటుంది. అద్దె క్లౌడ్‌లో అయితే వాళ్ల బ్యాలెన్సరే తీసుకుని, సర్వర్లను రెండు జోన్లలో, అంటే వేర్వేరు డేటా సెంటర్లలో పెట్టు. మన ఊళ్లో ఆఫీసు గదిలో మాత్రం వద్దు.

కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు ఒక్కోదాన్ని డ్రెయిన్‌లో, అంటే కొత్త పని రాకుండా పెట్టి, చేతిలో పని అయ్యాక మార్చు. ఆ కాసేపు పాత కోడూ కొత్త కోడూ కలిసి నడుస్తాయి గనక, టేబుల్లో కాలమ్ తీసెయ్యడం తర్వాతి విడతకు వాయిదా వెయ్యి.

అంతా అయ్యాక ఆదివారం మధ్యాహ్నం ఒక సర్వర్‌ను నువ్వే ఆపు. ముందు పూర్తిగా ఆపు. తర్వాత యాప్ ప్రాసెస్‌లకు స్టాప్ సిగ్నల్ పంపి, పోర్టు తెరిచే ఉండి జవాబు మాత్రం రాకుండా చెయ్యి. రెండుసార్లూ ఎన్ని సెకన్లకు వరసలోంచి తీసేసిందో, ఎన్ని ఆర్డర్లు తప్పాయో లాగ్ చూసి నాకు రాయి.

మీ మామయ్య