ఇన్‌చార్జ్ అయ్యావు కదా, ఇది ఒకసారి చదువుకో

అమ్మాయ్,

మొన్న ఫోన్లో అడిగావు కదా, నైట్ డ్యూటీ నర్సులు ఊరికే ఏడుస్తున్నారు, ఒకళ్ల మీద ఒకళ్లు చిరాకు పడుతున్నారు, వాళ్లతో ఏం మాట్లాడాలి మేడమ్ అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే కూర్చుని రాస్తున్నా. 30 ఏళ్లు క్యాజువాలిటీలో, ఐసీయూలో చేసినదాన్ని, నా మాట విను, ఏం మాట్లాడాలన్నది తర్వాత చూద్దాం, ముందు డ్యూటీ చార్ట్ బయటికి తియ్యి.

నిద్ర లేని మనిషికి ఎంత ధైర్యం చెప్పినా ఎక్కదు. 17 గంటలు మేలుకుని ఉంటే మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల లెవెల్‌కి పడిపోతుందని టెస్టులు చేసి మరీ తేల్చారు, మనమేమో డబుల్ డ్యూటీ చేయించి అదే చేతికి సిరంజి ఇస్తాం. వరస నైట్స్ తగ్గించు, ఆఫ్ రోజు ఫోన్ చెయ్యకు. బ్రేక్ సంగతి కూడా, వీలు చూసుకుని వెళ్లు అంటే ఎవ్వరూ వెళ్లరు, నీ పేషెంట్లని ఫలానా ఆమె చూస్తుంది, నువ్వు వెళ్లి అరగంట కూర్చో అని చెప్తేనే కదులుతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక రాత్రి ఒక పసిబిడ్డ పోయింది. సీపీఆర్ చేసిన అమ్మాయి చేతులు వణుకుతున్నాయి, నేను చూశా, చూసి కూడా పద పద, అవతల ఇంకో కేసు వచ్చింది అన్నా. అలా ఉండటమే గట్టితనం అని మాకు నేర్పారు, నేనూ అదే నేర్పా. ఆరు నెలలకి ఆ పిల్ల రిజైన్ చేసి వెళ్లిపోయింది, వెళ్తూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రాత్రి నేను చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఆమె పేషెంట్లని పది నిమిషాలు నేను చూసుకుని, పక్క రూమ్‌లో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు, నేను చూశాను అని చెప్పుంటే చాలు. డ్యూటీ దిగాక ఇంటికి ఒక్కదాన్నే పంపకుండా ఉండాల్సింది, మర్నాడోసారి, వారం తర్వాత ఇంకోసారి ఎలా ఉన్నావ్ అని అడగాల్సింది. ఆ వారం తర్వాత అడగడమే అందరం మర్చిపోతాం, అప్పటికి మనకి ఇంకో పది కేసులు వచ్చేసి ఉంటాయి, తనకి మాత్రం ఆ ఒక్కటే తిరుగుతూ ఉంటుంది.

ఒక్క జాగ్రత్త, అందర్నీ గదిలో కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పండి అని బలవంతం చెయ్యొద్దు. 1980ల నుంచి చాలాచోట్ల అలాగే చేశారు, తర్వాత స్టడీ చేస్తే ఆ ఒక్క సిట్టింగ్ వల్ల పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసుని వదలకుండా పట్టుకునే ఆ జబ్బు, ఆగట్లేదని తేలింది, కొందరికి ఇంకా ఎక్కువైంది కూడా. డబ్ల్యూహెచ్‌ఓ 2011లో ఇచ్చిన గైడ్‌లో ముఖ్యంగా మూడే మాటలు, చూడు, విను, కలుపు. కలుపు అంటే ఇంట్లోవాళ్లతోనో డాక్టర్‌తోనో, ఎవరు ఆదుకోగలరో వాళ్లతో. చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెప్తారు, నువ్వు దగ్గర్లో ఉండు.

తప్పు మందు ఇచ్చినవాళ్ల విషయం ఇంకా సున్నితం. ఆల్బర్ట్ వూ అనే డాక్టర్ 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్తూ, మొదటి బాధితుడు పేషెంట్ అయితే ఆ పొరపాటు చేసిన మనిషి రెండో బాధితుడు అన్నాడు. పేషెంట్ కుటుంబానికి ఆ మాట నచ్చకపోవచ్చు, అది న్యాయమే. కానీ ఎంక్వైరీ ఎంక్వైరీలా జరగనీ, ఆ రాత్రి మాత్రం అందరి ముందూ నిలబెట్టి అరవకు, ఎవర్నీ అరవనివ్వకు.

ఏడ్చేవాళ్లు నీకు కనిపిస్తారు. నాకు భయం మాత్రం ఏడవనివాళ్ల గురించే, నవ్వుతూ తిరిగే పిల్ల సడెన్‌గా మూగబోవడం, పేషెంట్‌ని పేరు పెట్టి పిలిచేది బెడ్ నంబర్‌తో పిలవడం, ఇంటికి వెళ్లకుండా ఎక్స్‌ట్రా డ్యూటీలు అడగడం, ఇలాంటివి. బర్నౌట్‌ని, అంటే పని ఒత్తిడికి మనిషి లోపల పూర్తిగా అలిసిపోవడాన్ని, డబ్ల్యూహెచ్‌ఓ 2019లో జబ్బు అనలేదు, పని వల్ల వచ్చే పరిస్థితి అంది, అంటే మందు పనిలోనే వెతకాలి కదా, ఆ పిల్లని యోగా చేసుకోమని పంపేసి చార్ట్ అలాగే ఉంచితే ఎలా తగ్గుతుంది? నెల దాటినా అదే సీన్ కళ్ల ముందుకొస్తుంటే, నిద్రలో ఉలిక్కిపడుతుంటే డాక్టర్ దగ్గరికి నువ్వే తోడు వెళ్లు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాల్సి వస్తే అడుగు, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా రాదు. అవునంటే ఒంటరిగా వదలకు, అప్పటికప్పుడు డాక్టర్‌కి చూపించు.

ఇవన్నీ నర్సులకే అనుకోకు. రక్తం తుడిచే ఆమె, బాడీని మార్చురీకి తోసుకెళ్లే అబ్బాయి, గేట్ దగ్గర తిట్లు తినే సెక్యూరిటీ, వీళ్లని ఎలా ఉన్నావ్ అని అడిగే దిక్కే ఉండదు. ఇంకోటి, నీకు చెప్పుకున్నది ప్రాణాపాయం ఉంటే తప్ప నీ దగ్గరే ఉండాలి, ఒక్కసారి మీటింగ్‌లో నోరు జారావంటే ఇంకెవ్వరూ నీ దగ్గరికి రారు.

నువ్వు చెప్పావే, మొన్న యాక్సిడెంట్ కేసు తర్వాత ఎవరితోనూ మాట్లాడట్లేదని, ఆ అమ్మాయికి ఈ వారం ఇంకా నాలుగు నైట్స్ ఉన్నాయన్నావు. అందులో రెండు తీసెయ్, ఎందుకని అందరిలో చెప్పకు, మిగతా రెండూ నీ డ్యూటీలో పడేలా చూసుకో. ఆదివారం ఫోన్ చేస్తా, ఎలా ఉందో చెప్పు, నీ సంగతి కూడా.