సంక్రాంతికి అప్పు చేసి గిఫ్టులు కొనాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో జాబ్, చేతికి 58 వేలొస్తాయి. సంక్రాంతికి భీమవరం దగ్గర మా ఊరెళ్తున్నాం. నాన్నకి ఫోన్, అమ్మకి ఉంగరం (మోకాళ్ళ నొప్పులతో బాధపడుతోంది, సంతోషిస్తుందని), అక్కాబావలకి బట్టలు, మా ఆవిడకి పట్టుచీర, తమ్ముడికి వాచ్, మొత్తం 90 వేలు. చేతిలో 30 వేలే ఉన్నాయి. మిగతాది కార్డు మీద ఈఎంఐ పెట్టేయనా?

జవాబు: వద్దండీ. కార్డు బాకీ మిగిలిపోతే నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 40 శాతం పైమాటే, నో కాస్ట్ ఈఎంఐ అన్నా చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజూ దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. ఉగాదొచ్చినా మీరు సంక్రాంతి కిస్తీలే కడుతుంటారు.

మీరు ఒక్కొక్కళ్ళ పేరు పక్కన రేటు రాశారు గానీ ఎవరికి దేంతో మనసు నిండుతుందో రాయలేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులని మీరే అన్నారు కదా, మరి ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి అరిసెల పాకం పడుతుంటే చేతికి ఉంగరమెందుకు, పైగా దాని మీద తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ. పిండివంటలకి ఒక మనిషిని సాయం పెట్టండి, 3 వేలనుకోండి, కనుమ వెళ్ళాక ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టి మీరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, టెస్టులకి 5 వేలు పక్కన పెట్టుకోండి.

నాన్నకి ఫోన్ వద్దు, ఒక పూట ఇవ్వండి. మా నాన్న ఎల్ఐసీ బాండ్లన్నీ రేకుపెట్టెలో జాకెట్టు గుడ్డతో మూటకట్టి పెట్టేవారు. ఒక భోగి సాయంత్రం అరుగు మీద ఇద్దరం అవన్నీ పరిచి చూస్తే రెండిట్లో నామినీ ఇంకా మా నాన్నమ్మే, ఆవిడ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ కాగితాలు సరిచేయించాక ఆయన ఊళ్ళో కనపడ్డ ప్రతివాళ్ళకీ మావాడు దగ్గర కూచుని అన్నీ చూశాడని చెప్పుకున్నారు, అంతకుముందు నేను కొనిచ్చిన వాచీ గురించి ఎవరికీ చెప్పిన గుర్తు లేదు. నాకు పైసా ఖర్చు కాలేదు.

అక్క దగ్గర మాత్రం తగ్గించకండి. ఆడపడుచుకి పుట్టింటి చీర, పసుపు కుంకుమ అంటే అత్తింట్లో మర్యాద, కొరియర్‌లో పంపకుండా మీరే వెళ్ళి ఇవ్వండి, బావ బట్టలతో కలిపి 8 వేలు. తమ్ముడికి 3 వేలు చేతిలో పెట్టండి, వాడికి కావాల్సింది వాడే కొనుక్కుంటాడు.

మీ ఆవిడకి 5 వేలు రాసుకోండి గానీ చీర కొనేముందు ఒక మాట అడగండి, ఆ డబ్బుతో ఇద్దరూ కలిసి వాళ్ళ పుట్టింట్లో రెండు రోజులుండి రావడమే ఆవిడకి ఎక్కువ ఇష్టం కావచ్చు.

అంతా కలిపి 24 వేలు, చార్జీలకి 6 వేలు మిగిలాయి. ఫిబ్రవరి నుంచి జీతం పడ్డ మర్నాడే నెలకి 3 వేలు ఆర్డీలోకి (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్ళేలా పెట్టండి, డిసెంబరుకల్లా 33 వేలు, పైన వడ్డీ. రైలు టికెట్లు 60 రోజుల ముందే ఓపెన్ అవుతాయి, వచ్చే ఏడాదికి నవంబరు రెండో వారంలో సెలవూ టికెట్టూ రెండూ ఖాయం చేసేసుకోండి.