సుడోకు ముందుకు కదలనప్పుడు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోటో తీసి పంపిన సుడోకును తీరిగ్గా చూశాను. 41 గడులు నింపి ఆగిపోయావు. ఇక ఏదో ఒక అంకె ఊహించి వేయడం తప్ప దారి లేదని రాశావు. దారి ఉంది. నువ్వు ఇప్పటికీ ప్రతి అంకెను పట్టుకుని ఇది ఎక్కడ వస్తుందని వెతుకుతున్నావు. తేలిక పజిళ్లు ఆ ప్రశ్నకే లొంగిపోతాయి కాబట్టి అది నీకు అలవాటైపోయింది. కఠినమైనవి మాత్రం ఈ అంకె ఎక్కడికి రాకూడదని అడిగినవారికే లొంగుతాయి. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయే పద్ధతులు దాదాపు అన్నీ కొట్టివేసేవే తప్ప నింపేవి కావు. పది నిమిషాలు శ్రమించి ఒక్క చిన్న 9ని చెరిపితే పని జరగలేదని నీకనిపించవచ్చు గాని, ఆ ఒక్క చెరుపుతోనే మిగతా గడులు వరుసగా తెరుచుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

మొదట సరంజామా సంగతి చెబుతాను. పత్రికలో అచ్చయిన గడులు చిన్నవి, ఆ కాగితం రబ్బరుకు ఆగదు, రెండుసార్లు చెరిపితే చిరుగుతుంది. అందువల్ల కఠినమైన పజిల్‌ను గళ్ల లెక్కల నోటుపుస్తకంలోకి పెద్దగా ఎత్తి రాసుకో. ఎత్తి రాశాక అసలుతో ఒకసారి సరిచూసుకో, ఎందుకంటే నేను ఒక రైలు ప్రయాణంలో 6కు బదులు 8 రాసుకుని, దిగే స్టేషన్ వచ్చేదాకా పజిల్ వేసినవాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను. నేరుగా తేలే అంకెలన్నీ వేసిన తరువాత, ప్రతి ఖాళీ గడిలో అక్కడ రాగల అంకెలన్నిటినీ పెన్సిల్‌తో చిన్నగా రాయి. వీటిని మన ఇంట్లో చిట్టి అంకెలు అంటాం కదా, ఆ మాటనే వాడతాను. నీ ఫోటోలో కొన్ని గడులకే చిట్టి అంకెలు ఉన్నాయి, కొన్నిటికి లేవు. సగం రాసిన చిట్టి అంకెలు అసలు రాయకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే లేని చోట రాదని నీ కన్ను నమ్మేస్తుంది. ప్రతి అడ్డు వరుసలో, నిలువు వరుసలో, పెట్టెలో 1 నుంచి 9 వరకు ఒక్కో అంకె ఒక్కసారే రావాలన్నదే కదా ఆట నియమం, కాబట్టి ఒక గడిలో పెద్ద అంకె వేసిన ప్రతిసారీ ఆ అడ్డు వరుసలో, నిలువు వరుసలో, మూడింట మూడు పెట్టెలో ఉన్న అదే చిట్టి అంకెను వెంటనే చెరిపెయ్యాలి.

ఇక గడులను గుర్తించడానికి 4-2 అని రాస్తే నాలుగో అడ్డు వరుసలో రెండో గడి అనుకో.

జంటల గురించి నీకు కొంత తెలుసు కాబట్టి త్వరగా చెప్పి ముందుకు పోతాను. 4-2లోనూ 4-8లోనూ 3, 8 మాత్రమే ఉంటే, ఆ రెండు అంకెలూ ఆ రెండు గడులకే చెందుతాయి గనుక నాలుగో వరుసలోని తక్కిన గడులన్నిటిలోనూ 3, 8 చెరపవచ్చు. దీనిని నువ్వు పట్టుకుంటున్నావు. పట్టుకోలేకపోతున్నది దాగిన జంటను. ఒక పెట్టెలో 1, 6 అనేవి రెండే రెండు గడుల్లో కనిపిస్తున్నాయనుకో. ఆ గడుల్లో ఒకదానిలో 1, 4, 6, 9 ఉండవచ్చు, రెండోదానిలో 1, 2, 6 ఉండవచ్చు. అంత గుంపు మధ్య జంట కంటికి ఆనదు. కాని 1కీ 6కీ ఆ పెట్టెలో వేరే చోటు లేదు కాబట్టి అక్కడ 4కు, 9కి, 2కు స్థానం లేదు. గడిని చూస్తే ఇది దొరకదు, అంకెను పట్టుకుని పెట్టెంతా తిరిగితేనే దొరుకుతుంది. అలాగే మొదటి పెట్టెలో 7 రాగల గడులు 2-1, 2-3 మాత్రమే అయితే, రెండో అడ్డు వరుసలో ఆ పెట్టెకు బయట ఉన్న 7లన్నిటినీ తీసివేయవచ్చు. పత్రికల్లో కఠినం అని వేసే పజిళ్లలో చాలా భాగం ఇంతవరకు వచ్చేసరికే విడిపోతాయి.

అక్కడా విడవనివాటికి ఎక్స్-వింగ్ కావాలి, నీ పజిల్‌కు కావలసింది కూడా ఇదే. రెండో అడ్డు వరుసలో 5 మూడో గడిలో గాని ఎనిమిదో గడిలో గాని మాత్రమే రాగలదనుకుందాం. ఏడో అడ్డు వరుసలో కూడా సరిగ్గా ఆ రెండు నిలువుల్లోనే రాగలదనుకుందాం. పై వరుసలో 5 మూడో గడిలో కూర్చుంటే కింది వరుసలో అది ఎనిమిదో గడికి పోవాలి, పైన ఎనిమిదిలో కూర్చుంటే కింద మూడుకు రావాలి. ఏది నిజమో మనకింకా తెలియదు, తెలియనక్కరలేదు కూడా. ఎలా జరిగినా మూడో నిలువు వరుసకు రావలసిన 5, ఎనిమిదో నిలువు వరుసకు రావలసిన 5 ఈ నాలుగు గడుల్లోనే తీరిపోతాయి కాబట్టి, ఆ రెండు నిలువుల్లో మిగతా చోట్ల ఉన్న 5లన్నీ చెరిపెయ్యవచ్చు. అడ్డు వరుసల్లో కనుక్కుంటే చెరిపేది నిలువుల్లో, నిలువుల్లో కనుక్కుంటే చెరిపేది అడ్డు వరుసల్లో. ఈ తిరకాసు దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంకొక పొరపాటు ఏమిటంటే, రెండు వరుసల్లో ఒకదానిలో ఆ అంకెకు మూడో చోటు కూడా ఉన్నా చూడకుండా ఎక్స్-వింగ్ దొరికిందని సంబరపడటం. సగం రాసిన చిట్టి అంకెలు ముంచేది ఇక్కడే.

వెతకడానికి నా పద్ధతి చెబుతాను. ఏడెనిమిది సార్లు పడిపోయిన అంకెతో పనిలేదు. మూడు నుంచి ఐదుసార్లు పడి ఆగిపోయిన అంకెను తీసుకో. పక్కన ఇంకొక ఖాళీ చదరం గీసి, ఆ ఒక్క అంకె రాగల గడుల్లో మాత్రమే చుక్క పెట్టు. తక్కిన ఎనిమిది అంకెల గోల లేని ఆ కాగితం మీద వరుసకు రెండే చుక్కలున్న చోట్లు తమంతట తామే కనిపిస్తాయి. ఇదే మూడు వరుసలకూ మూడు నిలువులకూ విస్తరిస్తే దానిని స్వోర్డ్‌ఫిష్ అంటారు. అందులో ప్రతి వరుసలోనూ మూడు చోట్లూ ఉండనక్కరలేదు, రెండున్నా చాలు, అవన్నీ ఆ మూడు నిలువుల్లోనే పడితే సరి.

అదే చుక్కల కాగితం మీద ఎక్స్-వింగ్ అయ్యీ అవనట్టుండే ఆకారం ఒకటి తరచుగా ఎదురవుతుంది, దానిని చూసి నిట్టూర్చి వదిలేయకు. మొదటి వరుసలో 4 రెండో గడిలోనో ఏడో గడిలోనో రావాలి. ఎనిమిదో వరుసలో మూడో గడిలోనో ఏడో గడిలోనో రావాలి. ఏడో నిలువులో రెండు 4లు ఉండలేవు కాబట్టి 1-2, 8-3లలో కనీసం ఒకదానిలో 4 ఉండి తీరాలి. అయితే ఆ రెండింటిలో ఒక్కోదానితో నిలువునో పెట్టెనో పంచుకునే గడులు 2-3, 3-3, 7-2, 9-2. ఆ నాలుగింటిలోనూ 4 ఉండదు. దీనిని స్కైస్క్రేపర్ అంటారు. నా అనుభవంలో స్వోర్డ్‌ఫిష్ కన్నా ఇది ఎక్కువసార్లు ఆదుకుంది, పేరుకే దానికి అంత ప్రతిష్ఠ లేదు.

ఇంతవరకు ఒకే అంకెను వెంటాడాం. ఎక్స్‌వై-వింగ్‌లో మూడు అంకెలు కలిసి పనిచేస్తాయి. దీనికోసం రెండే చిట్టి అంకెలున్న గడుల చుట్టూ సున్నాలు చుట్టుకో. 5-5లో 2, 7 ఉన్నాయి, అదే వరుసలోని 5-1లో 2, 9 ఉన్నాయి, అదే పెట్టెలోని 4-6లో 7, 9 ఉన్నాయి. నడుమనున్న 5-5లో 2 పడితే 5-1 తప్పకుండా 9 అవుతుంది, 7 పడితే 4-6 తప్పకుండా 9 అవుతుంది. అంటే 5-1, 4-6 అనే ఆ రెండు రెక్కల్లో ఒకటి 9. ఒకే వరుసలోనో నిలువులోనో పెట్టెలోనో ఉన్న గడులు ఒకదానినొకటి చూస్తాయంటాం. కాబట్టి రెండు రెక్కలనూ చూడగల గడుల్లో, అంటే 4-1, 4-2, 4-3, 5-4, 5-6లలో, 9కి చోటు లేదు. నడుమ గడి రెండు రెక్కలనూ చూడాలి గాని, రెక్కలు ఒకదానినొకటి చూడనక్కరలేదు.

యూనిక్ రెక్టాంగిల్ అనే పద్ధతి గురించి అడిగావు. 4-1, 4-7, 5-1లలో 1, 6 మాత్రమే ఉండి, 5-7లో 1, 6, 8 ఉంటే, అక్కడ 8 వేయమంటుంది ఆ పద్ధతి. లేకపోతే నాలుగు మూలల్లో 1నీ 6నూ అటూ ఇటూ మార్చినా చెల్లే రెండు జవాబులు వస్తాయి, సరైన సుడోకుకు ఒకే జవాబు ఉండాలి. ఆ నాలుగు గడులు కచ్చితంగా రెండు పెట్టెల్లోనే ఉండాలన్నది మరచిపోకు. నాలుగు పెట్టెల్లో ఉంటే ఆ వాదన నిలవదు. నేను దీనిని అరుదుగా వాడతాను, ఎందుకంటే ఇది గడుల మీద కాక పజిల్ తయారుచేసినవారి నిజాయితీ మీద ఆధారపడుతుంది. హోవార్డ్ గార్న్స్ రూపొందించిన ఈ ఆటను 1979లో అమెరికాలోని డెల్ పత్రికలు నంబర్ ప్లేస్ అనే పేరుతో అచ్చువేశాయి. జపాన్‌లోని నికోలి సంస్థ 1984లో దీనిని తీసుకుని, అంకెలు ఒంటరిగానే ఉండాలనే అర్థం వచ్చే పెద్ద పేరు పెట్టి, తరువాత సుడోకు అని కుదించింది. నికోలి పజిళ్లు చేత్తో అల్లినవి, వాటిలో అల్లినవారు దాచిపెట్టిన దారి ఒకటి ఉంటుంది. హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన వేన్ గౌల్డ్ కంప్యూటర్ ప్రోగ్రాముతో తయారుచేసినవి 2004 నవంబరులో లండన్ టైమ్స్‌లో మొదలయ్యాక లోకమంతా పాకాయి. మంచి ప్రోగ్రాము జవాబు ఒకటే ఉందో లేదో సరిచూస్తుంది, ఎక్కడినుంచో ఎత్తి వేసిన పజిల్‌కు ఆ హామీ లేదు.

ఇచ్చిన అంకెలు తక్కువైతే పజిల్ కఠినమని రాశావు, అది నిజం కాదు. 16 అంకెలతో ఒకే జవాబున్న సుడోకు ఉండదని డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గైర్ బృందం 2012లో కంప్యూటర్లతో తేల్చింది, అంటే 17 కనిష్ఠం. కాని 17 అంకెల పజిళ్లలో బడిపిల్లలు సైతం చేయగలిగేవి ఎన్నో ఉన్నాయి, 24 అంకెలిచ్చి రోజంతా కదలనివ్వనివీ ఉన్నాయి.

చివరికి ఊహ గురించి. ఫిన్లాండ్ గణితవేత్త ఆర్టో ఇంకాలా తయారుచేసినటువంటి పజిళ్ల ముందు నేను పైన చెప్పినవేవీ చాలవు. అక్కడ రెండే చిట్టి అంకెలున్న గడిని తీసుకుని, ఒకటి నిజమనుకుంటే ఏమవుతుందో, రెండోది నిజమనుకుంటే ఏమవుతుందో వేర్వేరు రంగు పెన్సిళ్లతో చివరిదాకా నడిపించాలి. రెండు దారుల్లోనూ ఒక గడికి ఒకే అంకె వస్తే అది ఖాయం, ఒక దారిలో వైరుధ్యం తగిలితే రెండోదే నిజం. ఇది లెక్క ఉన్న పరీక్ష. నువ్వు చేయబోయింది గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక అంకె పెన్నుతో వేసి, ఎక్కడ మొదలుపెట్టావో గుర్తులేక అన్నీ చెరపడం. పరీక్ష మొదలుపెట్టే ముందు కాగితానికి నకలు తీసుకో.

నీ పజిల్‌లో నేను వేలు పెట్టలేదు. 5కు చుక్కల కాగితం గీసి చూడు, రెండు వరుసలు చాలు. తరువాత ఎక్కడైనా ఆగిపోతే, చెరిపిన చిట్టి అంకెలను రబ్బరుతో తుడవకుండా సన్నని గీతతో కొట్టి ఉంచి అదే కాగితాన్ని ఫోటో తీసి పంపు. ఏది ముందు కొట్టావో ఏది తరువాత కొట్టావో పక్కన వరుస సంఖ్య వేస్తే ఇంకా మంచిది.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య