నాన్నగారి పాత బుల్లెట్ చక్రాలు తుప్పు పట్టాయి, ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది: నాన్నగారి 1986 నాటి బుల్లెట్ స్టాండర్డ్ 350 చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజను స్టార్టవుతోంది, చక్రాలు మాత్రం తుప్పు పట్టాయి. మెకానిక్ అల్లాయ్ వీల్స్ వేయించుకోమంటున్నాడు. మీకేమో పాత స్పోకు చక్రాలే ఉంచుకోవాలని ఉంది.

ఉంచుకోండి. హబ్బులు, అంటే స్పోకులు పుట్టే చక్రం నడిమధ్య భాగాలు, బాగుంటే ఆ చక్రాలను ఇంట్లోనే మళ్లీ నిలబెట్టుకోవచ్చు. మాది కాకినాడ. సముద్రపు గాలికి ఇక్కడ క్రోమ్ త్వరగా పాడవుతుంది, అందుకే మా బాబాయి బుల్లెట్‌తో మొదలుపెట్టి స్నేహితుల బళ్ల దాకా ఈ పని నా చేతుల మీదుగా జరిగింది. నేను చెప్పేదంతా ఒక్క నమ్మకం మీద ఆధారపడింది: మనిషిని మోసేది రిమ్ము మీది మెరుపు కాదు, స్పోకుల బిగువు. చాలామంది పాలిష్‌తో మొదలుపెట్టి బిగువును చివరికి వదిలేస్తారు. మీరు అలా చేయకండి.

ముందు టైరు, ట్యూబు తీసేయండి. పాత టైరు రాయిలా గట్టిపడి ఉంటే లీవర్లతో కుస్తీ పట్టకుండా పంక్చర్ షాపులో ఊడదీయించండి. దాని గాడి ఎంత లోతుగా ఉన్నా తిరిగి వాడొద్దు. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2309 అంటే 2009లో 23వ వారం తయారీ. అంత పాత రబ్బరు బయటికి బాగానే కనిపిస్తుంది గానీ పక్కలు పగిలి ఉంటాయి.

తర్వాత రిమ్ టేపు, అంటే స్పోకు కొసలు ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల చుట్టిన పట్టీ, తీసి లోపల చూడండి. అసలు తీర్పు అక్కడే. బయట చుక్కలు చుక్కలుగా తుప్పు ఉన్నా లోపల గట్టిగా ఉన్న రిమ్ములు ఉంటాయి. బయట తళతళలాడుతూ లోపల పొరలు పొరలుగా ఊడొచ్చేవీ ఉంటాయి, అవే ప్రమాదం. స్పోకు రంధ్రాల దారిన దిగిన నీళ్లు టేపు కింద నిలిచిపోయి ఇనుమును తినేస్తాయి. వైరు బ్రష్‌తో బాగా గీకి, పదునైన స్క్రూడ్రైవర్ మొనతో నిపిల్ (స్పోకు కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) రంధ్రాల చుట్టూ, రిమ్ము అతుకు దగ్గర, టైరు అంచు కూర్చునే చోట గట్టిగా పొడిచి చూడండి. మొన లోపలికి దిగినా, రంధ్రం అంచున సన్నని పగులు కనిపించినా ఆ రిమ్ము పని అయిపోయినట్టే. వెల్డింగ్ చేయించి వాడదామన్న ఆలోచన పెట్టుకోకండి. తుప్పు పైపైనే ఉండి కింద లోహం గట్టిగా తగిలితే దాన్ని కాపాడుకోవచ్చు.

కొత్త రిమ్ము కొనాల్సి వస్తే పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. మీ బండికి WM2-19 అని ముద్ర ఉన్న 40 రంధ్రాల రిమ్ము కావాలి. WM2 అంటే లోపలి వెడల్పు 1.85 అంగుళాలు, 19 అంటే వ్యాసం. ఈ అంకెలు సరిపోయినంత మాత్రాన రిమ్ము సరిపోయిందనుకోవద్దు. రంధ్రాల దగ్గర ఉండే గుంతలు స్పోకు వచ్చే దిక్కుకు వంగి ఉంటాయి, హబ్బు మారితే ఆ వంపూ మారుతుంది. అందుకని పాత రిమ్మునూ కొత్త రిమ్మునూ పక్కపక్కన పెట్టి గుంతల వంపు పోల్చి చూసుకోండి. వంపు కుదరకపోతే నిపిల్ దగ్గర స్పోకు మెడ వంగి, కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది.

స్పోకులు విప్పే ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోవడం. రెండోది ఇంకా ముఖ్యం: తిన్నని ఇనుప పట్టీని రిమ్ముకు అడ్డంగా ఆనించి, అక్కడి నుంచి హబ్బు అంచుకు ఎన్ని మిల్లీమీటర్ల దూరం ఉందో రెండు పక్కలా కొలిచి రాసుకోవడం. బుల్లెట్ ముందు హబ్బుకు ఒక పక్క పెద్ద డ్రమ్ము, రెండో పక్క చిన్న అంచు ఉంటాయి. కాబట్టి రిమ్ము హబ్బుకు నడిమధ్యన ఉండదు. ఈ కొలత లేకుండా విప్పితే, తర్వాత చక్రం ఎంత బాగా తిరిగినా ఫోర్కు మధ్యకు రాదు, బండి ఒక పక్కకు లాగుతుంది.

నిపిళ్లకు ముందు రోజు రాత్రే డీజిల్ గానీ డబ్ల్యూడీ-40 గానీ పట్టించి ఉంచండి. రిమ్ము లోపలి వైపు నుంచి కూడా పట్టించాలి. అయినా కదలకపోతే బలవంతం చేయకుండా స్పోకును కత్తిరించేయండి. కత్తిరించేటప్పుడు ఒకే పక్కవి వరసగా కాకుండా అటొకటి ఇటొకటి తీయాలి, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. బిగువులో ఉన్న స్పోకు తెగితే ముక్క ఎగురుతుంది. ఊడిన స్పోకులను నాలుగు కుప్పలుగా విడదీసి పెట్టండి: డ్రమ్ము వైపు లోపలివి, డ్రమ్ము వైపు బయటివి, రెండో వైపు లోపలివి, బయటివి. పొడవులోనూ తల దగ్గరి వంపులోనూ తేడాలుంటాయి. కొత్త సెట్టు వచ్చాక ఈ కుప్పలతో సరిచూసుకోవచ్చు.

పాత స్పోకులకు క్రోమ్ వేయించి వాడతామని కొందరు అడుగుతారు. దీనికి మాత్రం గట్టిగా వద్దంటాను. ప్లేటింగ్‌కు ముందు యాసిడ్‌లో ముంచడంలో, ప్లేటింగ్ జరిగేటప్పుడు, గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. ఆ వెంటనే గంటల తరబడి వేడిచేసి దాన్ని వెళ్లగొట్టకపోతే స్పోకు పెళుసుబారి, చెప్పాపెట్టకుండా తల దగ్గర విరుగుతుంది. చిన్న ప్లేటింగ్ షాపుల్లో ఆ వేడిచేసే పని చేస్తారన్న భరోసా ఉండదు. జింకు పూత స్పోకులైనా, స్టెయిన్‌లెస్ స్టీలువైనా కొత్తవే కొనండి. తీర ప్రాంతంలో ఉండేవాళ్లకు నేను స్టెయిన్‌లెస్సే చెబుతాను, నిపిళ్లు మాత్రం నికెల్ పూత ఉన్న ఇత్తడివి.

ఇక రిమ్ము తుప్పు. క్రోమ్ పొర చాలా పల్చన, దాని కింద నికెల్, ఆ కింద ఇనుము. పైన కనిపించే గోధుమరంగు చుక్కలు ఆ పొరల్లోని సన్నని చిల్లుల గుండా బయటపడిన ఇనుప తుప్పు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచేసి నీళ్లలో తడిపి రుద్దితే చాలావరకు పోతాయి. క్రోమ్ కన్నా అల్యూమినియం మెత్తన కాబట్టి గీతలు పడవు. ఇనుప పీచు, గరుకు కాగితం క్రోమ్ మీద వాడొద్దు. లోపలి తుప్పుకు ఆగ్జాలిక్ యాసిడ్ పొడి బాగా పనిచేస్తుంది. పాలరాయి శుభ్రం చేయడానికి అమ్మే పొడే అది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో లీటరు నీటికి రెండు చెంచాల లెక్కన కలిపి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఎండబెట్టాలి. అది విషం. చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, పిల్లలకూ కుక్కలకూ దూరంగా పెట్టండి, ఆ టబ్బు మళ్లీ ఇంట్లో వాడొద్దు. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు, అది మిగిలిన క్రోమ్ పొరనే తినేస్తుంది. ఆరిన రిమ్ము లోపలికి జింకు ప్రైమర్, పైన ఎపాక్సీ పెయింటు వేయండి. నిపిల్ కూర్చునే చోట పెయింటు మందంగా ఉండకూడదు, ఉంటే కొన్నాళ్లకు అది నలిగిపోయి స్పోకులు వదులవుతాయి.

క్రోమ్ రేకులు రేకులుగా లేచిపోతే మాత్రం అది ఇంట్లో అయ్యే పని కాదు, ప్లేటింగ్ షాపుకే ఇవ్వాలి. హైదరాబాద్ వైపు ఉంటే బాలానగర్‌లో అడగండి, మా వైపు వాళ్లం విజయవాడ ఆటోనగర్‌కు పంపుతాం. ఇంట్లో క్రోమ్ ప్లేటింగ్ చేసుకునే వీడియోలు చూసి ప్రయత్నించకండి. ఆ ద్రావణంలోని క్రోమియం ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, క్యాన్సర్ కారకం.

హబ్బుల విషయం త్వరగా చెప్పేస్తాను. పాత బ్రేకు దుమ్మును గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. బేరింగులు ఊడదీశాక మధ్యలో ఉండే గొట్టం లాంటి స్పేసర్‌ను పారేయకండి. అది లేకుండా యాక్సిల్ బిగిస్తే కొత్త బేరింగులు కూడా నలిగిపోతాయి. బేరింగు పక్కనే నంబరు ఉంటుంది, అదే నంబరులో రబ్బరు సీలు ఉన్నవి కొనండి.

అల్లిక ఎలాగంటే, హబ్బును బల్ల మీద పెట్టి, అంచుకు లోపలి పక్కగా నడిచే స్పోకులన్నీ ముందు దూర్చాలి. బయటివి ముందు వేస్తే లోపలివి తర్వాత దూరవు. మొత్తం 40, పక్కకు 20, అందులో సగం లోపలివి, సగం బయటివి. ఫోటో చూసుకుంటూ రిమ్ములోని గుంత ఏ దిక్కుకు వంగి ఉందో ఆ దిక్కు స్పోకునే అక్కడికి తీసుకెళ్లండి. గుంతే మీకు దారి చూపిస్తుంది. మరలకు కాస్త నూనె రాసి, నిపిళ్లు వేళ్లతో మాత్రమే తిప్పండి. నలభై కూర్చున్నాక మర పూర్తిగా నిపిల్‌లోకి దిగేదాకా అన్నిటినీ ఒకే లెక్కకు తేవాలి. అక్కణ్నుంచి వాల్వు రంధ్రం దగ్గర మొదలుపెట్టి వరసగా అరచుట్టు చొప్పున బిగిస్తూ వెళ్లండి. నులక మంచం బిగించేవాళ్లు ఒక చోటే లాగేయకుండా వరస వెంట కొంచెం కొంచెంగా ఎలా లాగుతారో ఇదీ అంతే, ఒక చోటే లాగితే మొత్తం వంకరపోతుంది.

బెండు తీయడానికి, అంటే చక్రం వంకర సరిచేయడానికి, ప్రత్యేకమైన స్టాండు అక్కర్లేదు. బండిని సెంటర్ స్టాండు వేసి, చక్రాన్ని దాని చోట్లోనే బిగించి, ఫోర్కుకు ఒక జిప్ టై కట్టి దాని కొస రిమ్ముకు తగిలీ తగలనట్టు కత్తిరించండి. చక్రం తిప్పుతూ ముందు ఎత్తుపల్లాలు సరిచేయాలి, ఆ తర్వాత పక్కల ఊగడం. రిమ్ము ఎత్తుగా ఉన్న చోట రెండు పక్కల స్పోకులనూ సమానంగా బిగించాలి. ఎడమకు వంగిన చోట కుడి స్పోకు పావుచుట్టు బిగించి, ఎడమది పావుచుట్టు వదులు చేయాలి. ఒకటి సరిచేస్తే రెండోది కొంచెం కదులుతుంది, మళ్లీ మళ్లీ తిరిగి రావాలి. మధ్యమధ్యలో ముందు రాసుకున్న ఆ మిల్లీమీటర్ల కొలత చూసుకోండి. మాన్యువళ్లు మామూలుగా 2 మిల్లీమీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటాయి, ఓపిక పడితే చేత్తోనే 1 మిల్లీమీటరు లోపుకు తేవచ్చు. చివర్న పానాతో ఒక్కో స్పోకును తట్టి వినండి. ఒకే పక్కన ఒకే రకం స్పోకులు దాదాపు ఒకే మోత మోగాలి. మొద్దుగా పలికేది వదులుగా ఉన్నట్టు. బండి బరువు పడిన ప్రతిసారీ కింది స్పోకుల బిగువు తగ్గి, పైకి వెళ్లగానే తిరిగి వస్తుంది. వదులుగా ఉన్నది ప్రతి చుట్టులోనూ పూర్తిగా సడలి బిగుసుకుంటూ అలసిపోయి విరుగుతుంది, దాని భారం పక్కవాటి మీద పడుతుంది.

నిపిల్ తల దాటి పొడుచుకొచ్చిన స్పోకు మొనలను ఆకురాయితో సమం చేసి, కొత్త రిమ్ టేపు వేసి, కొత్త ట్యూబు ఎక్కించండి. ఈ రిమ్ములకు ట్యూబులెస్ టేపులు అతికించే పని నేను చేయను, చేయమనను. WM రకం రిమ్ములో గాలి తగ్గినప్పుడు టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉండదు.

ముందు డ్రమ్ము గురించి ఒక మాట. స్పోకులు నేరుగా ఆ డ్రమ్మునే లాగుతాయి కాబట్టి బిగువు వచ్చాక అది కొద్దిగా గుండ్రం తప్పవచ్చు. బ్రేకు కొడితే లివర్ అదురుతుంటే కారణం అదే. డ్రమ్మును లేత్ మీద తిప్పి మళ్లీ గుండ్రంగా చేయించాలంటే అల్లిక పూర్తయ్యాకే, చక్రం మొత్తం తిరిగేంత పెద్ద లేత్ ఉన్న చోట చేయించండి. వెనక డ్రమ్ము స్ప్రాకెట్‌తో (చైను తిప్పే పళ్ల చక్రంతో) కలిసి విడిగా ఊడొస్తుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు.

మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, స్పోకులన్నీ మళ్లీ తట్టి చూడండి. కొత్త స్పోకులు సర్దుకునేటప్పుడు కొన్ని వదులవడం మామూలే. బిగువు చూడటం మీ వల్ల కాదనిపిస్తే అల్లిక దాకా మీరు చేసి, బెండు తీసే పని పాత మేస్త్రీ ఎవరికైనా ఇవ్వండి, కాసేపు పక్కన నిలబడి చూస్తే చెయ్యి పడుతుంది. టేపు తీశాక వాల్వు రంధ్రం చుట్టుపక్కల రిమ్ము లోపలి ఫోటోలు, అతుకు దగ్గరిది ఒకటి ఇక్కడ పెట్టండి. రిమ్ము ఉంచాలా మార్చాలా అన్నది చూసి చెబుతాను.