సీఎస్ఈ చదువుతూ పర్యావరణ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. పర్యావరణానికి పనికొచ్చే ఉద్యోగమే చేస్తానంటోంది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయించమంటారా?
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: తొందరపడకండి. ఆ ఎంటెక్‌లో ఎక్కువ భాగం నీటి శుద్ధి, మురుగు, గాలి కాలుష్యం. ఐటీలో కావలసింది కరెంటు వాడకాన్ని, దానివల్ల వెలువడే కర్బనాన్ని లెక్కగట్టే మనిషి. దానికి సీఎస్ఈ చాలు.

ఫైనలియర్ ప్రాజెక్టుకి కాలేజీ ల్యాబ్‌నే తీసుకోమనండి. ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్ ఒకటి కొంటే సరి. 60 కంప్యూటర్లు రాత్రి 14 గంటలు ఊరికే ఆన్‌లో ఉంటూ ఒక్కోటి 50 వాట్లు లాగితే 42 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున చూస్తే, ఒక్క రాత్రికే 29 కిలోలు దాటుతుంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె (ఎస్‌ఎంపీఎస్) మీద 450 వాట్లని ఉంటే అదే వాడకం అనుకుంటారు. అది గరిష్ఠ సామర్థ్యం మాత్రమే. మీటర్‌ను యూపీఎస్ తర్వాత పెడితే యూపీఎస్‌లో పోయే కరెంటు లెక్కలోకే రాదు. కొలిచాక, వాడనప్పుడు స్లీప్‌లోకి పంపే చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్టు) రాసి, నెల తర్వాత మళ్లీ కొలవాలి. ఇంటర్వ్యూలో ఈ రెండు అంకెలు చెప్పగలిగితే ఏ సర్టిఫికెట్టూ దానికి సాటిరాదు. 'గ్రీన్' అని పేరు పెట్టి వేలకు వేలు ఫీజు గుంజే కోర్సులు నాకైతే దండగనిపిస్తాయి. లైనక్స్ ఫౌండేషన్ వారి గ్రీన్ సాఫ్ట్‌వేర్ కోర్సు ఉచితం.

ఉద్యోగాలు ఎక్కువగా కంపెనీల పర్యావరణ నివేదికల వైపున్నాయి. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం బీఆర్ఎస్ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల) నివేదిక ఇవ్వాల్సిందే. అందులో ఉద్గారాలను స్కోప్ అనే మూడు పద్దులుగా విడదీస్తారు. జనరేటర్ డీజిల్ స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, ఉద్యోగుల రాకపోకలు, కొన్న ల్యాప్‌టాప్‌లు స్కోప్ 3. జనరేటర్ కూడా కరెంటే ఇస్తుంది కదా అని డీజిల్‌ను స్కోప్ 2లో వేసేస్తారు కొత్తవాళ్లు. ఈ పనికి ఎక్సెల్, డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ గట్టిగా రావాలి.

డేటా సెంటర్ల వైపు వెళ్తే పీయూఈ (కరెంటు ఎంత పొదుపుగా వాడుతున్నారో చెప్పే అంకె) తెలియాలి: మొత్తం కరెంటును సర్వర్లు వాడిన కరెంటుతో భాగించడం. 1.5 వస్తే, సర్వర్లు వాడే ఒక్కో యూనిట్‌కి మరో అర యూనిట్ కూలింగ్ వగైరాలకి పోతోందన్నమాట. చలికి కూలింగ్ తక్కువ పడుతుంది కాబట్టి డిసెంబరులో ఒకరోజు కొలిచి చెప్పే అంకెను నమ్మకూడదు, ఏడాది సగటే చూడాలి. ఈ ఉద్యోగాలకు చెన్నై, హైదరాబాద్ వెళ్లక తప్పదు.

ఇంటర్న్‌షిప్‌కి రేణిగుంట, శ్రీసిటీల్లోని ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగాలను అడగమనండి. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల పని అక్కడ దగ్గరగా చూడొచ్చు. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్షకి బీటెక్ తర్వాత మూడేళ్ల అనుభవం కావాలి, దాని సంగతి ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చు.