నీడకు చేతులు రాలేదు

"మనం ఉన్నది చూస్తామా, అనుకున్నది చూస్తామా?" అని అడిగారు. అనుకున్నదే చూస్తాం. తాడు, పాము కథ చెప్పేవాళ్లు ఎలాగూ పదిమంది వస్తారు కాబట్టి నేను పానగల్లు సంగతి చెప్తా.

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల నాటి గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభంలాంటి నీడ నిలువుగా పడుతుంది. పగలంతా కదలదు. నాతో వచ్చిన మా మేనమామ చూడగానే తేల్చేశాడు. "గీ ఎదురుంగున్న స్తంభానిదేరా!" నాకూ అట్లనే కనిపించింది. దాని అంచులు కూడా కనిపించాయంటే నమ్మండి.

"అయితే దాని పక్కన నిలబడి చేతులు చాపు మామా" అన్నా. చాపాడు. నీడకు చేతులు రాలేదు. ఇంకో స్తంభం దగ్గరికి పోయాడు. అక్కడా రాలేదు. మూడోదాని దగ్గర పూజారి చూసిన చూపుకు ఆపేశాం. చెరువు కట్ట మీద పులిహోర తిని మూడింటికి మళ్లీ పోయాం. సూర్యుడు పడమరకు వాలాడు గానీ నీడ మాత్రం అక్కడే ఉంది.

అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, బయట చెదిరిన వెలుగు. దాన్ని స్తంభాలన్నీ అటూ ఇటూ అడ్డుకుంటే మధ్యలో వెలుగు తగ్గిన పట్టీ అది. మెదడుకు ఈ లెక్క పట్టదు. నీడ ఉందంటే దానికో వస్తువు ఉండాలి, అంతే. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1860లలోనే చెప్పాడు, చూపు అంటే మనకు తెలియకుండానే చేసే అనుమానమని. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, ఆనవాలు చూసి ఊహించి తేల్చుకోవడం. పొగ చూసి నిప్పుందనుకునే అనుమానం లాంటిదే. వెలుగు పైనుంచే వస్తుందన్నది ఇంకో నమ్మకం. చంద్రుడి మీది గుంతల ఫోటో తలకిందులు చేసి చూడండి, చాలామందికి గుంతలు గుట్టలవుతాయి. నన్నడిగితే చూపులో కళ్ల పని పావలా వంతే. ఈ లెక్క నాదే, ఎవరూ తీసింది కాదు.

యూట్యూబ్‌ వాళ్లు మాత్రం "సైన్స్‌కే అంతుచిక్కని మిస్టరీ" అంటారు. కట్టినోళ్ల తెలివి గురించి ఒక్క ముక్క చెప్పరు. ఇంకొందరు ఫ్లాష్ కొట్టి నీడను ఫోటో తీస్తారు. ఫ్లాష్ వేస్తే నీడెక్కడుంటుంది బాబూ?

తిరుగు బస్సులో ఇదంతా మామకు అరగంట చెప్పా. శ్రద్ధగా విన్నాడు. దిగేముందు అడిగాడు, "అంత మంచిగనే ఉంది గానీ, అది ఏ స్తంభానిదిరా?"