సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదా? పంపు విప్పే ముందు ఇవి చూడండి

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: నాన్నగారి పాత మూడు సిలిండర్ల ట్రాక్టరు. మినుము నూర్పిళ్లయ్యాక షెడ్డులో పెట్టేశారు. ఇప్పుడు సార్వా దమ్ములకని బయటికి తీస్తే సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. వచ్చిన మెకానిక్ చూడగానే, ఇంజిన్‌కు డీజిల్‌ను ఒత్తిడితో అందించే పంపు విప్పాలన్నాడు. దయచేసి అప్పుడే ఒప్పుకోకండి. గుడివాడ దగ్గర మా ఇంట్లోనూ ఇలాంటి పాత బండే ఉంది. ఎండాకాలమంతా కదలకుండా ఉన్నాక అదీ ఇలాగే మొరాయిస్తుంది. అలాంటప్పుడల్లా తేలేది డీజిల్ లైన్‌లో గాలి, లేదంటే చెత్త.

ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టమనండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, పీటీవో (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) తీసేసి ఉండాలి. మీరు సైలెన్సర్ గొట్టం వైపే చూడండి. అసలు పొగే రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ వెళ్లట్లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ వెళ్తోంది గానీ మండట్లేదు. ఎక్కడ వెతకాలో ఆ పొగే చెబుతుంది. మీ ప్రశ్నలో పొగ సంగతి లేదు. గంటలకొద్దీ తిప్పినా ఏమీ లేదని రాశారు కాబట్టి పొగ రావట్లేదనే అనుకుని చెబుతున్నాను.

సెల్ఫ్ తిరుగుతోందంటే సరిపోదు, వేగంగా తిరగాలి. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గు నిప్పు ఉండదు. గాలిని 16 నుంచి 18 రెట్లు చిన్న జాగాలోకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. నీరసంగా తిరిగితే ఆ వేడి పుట్టదు. మల్టీమీటర్ దొరికితే బ్యాటరీకి పెట్టి చూడండి. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారితే ముందు ఛార్జింగ్ పెట్టించాలి. టెర్మినళ్ల మీద తెల్లగా పచ్చగా పేరుకున్న పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగేయండి. ఛాసిస్‌కు బిగించిన ఎర్తు వైరు దగ్గర తుప్పు గీకడం చాలామంది మర్చిపోతారు, అదీ చూడండి. సెల్ఫ్‌ను ఒక్క దమ్మున పది పదిహేను సెకన్లకు మించి తిప్పకండి. మధ్యలో నిమిషమైనా చల్లారనివ్వాలి, లేకపోతే అది కాలుతుంది.

తర్వాత స్టాప్ నాబ్. లోపలికి నొక్కాం కదా అనుకుంటాం. కానీ కేబుల్ తుప్పు పట్టి ఉంటే నాబ్ లోపలికి పోయినా పంపు మీద ఉన్న లివర్ మాత్రం ఆపేసిన చోటే ఉండిపోతుంది. పంపు దగ్గరికి వెళ్లి లివర్‌ను చేత్తో కదిపి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక ట్యాంకు. మూతకు గాలి పీల్చుకునే సన్న రంధ్రం ఉంటుంది. షెడ్డులో నెలల తరబడి ఉన్న బండికి అందులో కందిరీగ మట్టిగూడు కట్టడం నేను చూశాను. మూత వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. ట్యాంకు కింద నీళ్లు, మురికి దిగే గిన్నె ఉంటే విప్పండి. అడుగున నీళ్లు డీజిల్‌తో కలవకుండా విడిగా కనబడతాయి. సగం ట్యాంకుతో వదిలేసిన బండిలో రాత్రి చెమ్మ లోపలి గోడలకు పట్టి ఇలా దిగుతుంది. అందుకే పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు నిండా పోయించి పెట్టాలి. డీజిల్ ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే రెండూ మార్చేయండి.

ఇప్పుడు అసలు పని, ఎయిర్ తీయడం, అంటే డీజిల్ లైన్‌లోని గాలిని బయటికి పంపడం. ఫిల్టర్ పైనున్న ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) చేతి లివర్ కొట్టండి. లివర్‌కు బలమే తగలకపోతే లోపల కామ్ (ఫీడ్ పంపును నడిపే ఇంజిన్ భాగం) దాన్ని నొక్కి పట్టి ఉన్న చోట ఇంజిన్ ఆగి ఉంటుంది. ఇంజిన్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ కొట్టండి. ముందు తెల్లటి నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని డీజిల్ తీగలా కారుతుంది. అప్పుడు, లివర్ కొడుతూనే, స్క్రూ బిగించాలి. చెయ్యి ఆపేసి బిగిస్తే మళ్లీ గాలి పీలుస్తుంది. రెండో ఫిల్టర్‌కూ, తర్వాత అసలు పంపు మీది ఎయిర్ స్క్రూకూ ఇదే వరస. రోటరీ పంపయితే పంపు మీద రెండు స్క్రూలుంటాయి, రెండింటి దగ్గరా ఎయిర్ తీయండి. చివరగా నాజిళ్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) దగ్గర పైపు నట్లు అర చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ నిండుగా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నట్టు చుట్టూ డీజిల్ చిమ్మగానే బిగించేయండి. ఆ సమయంలో అక్కడ వేలు మాత్రం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, బయటికి చిన్న చుక్కలాగే కనబడినా చెయ్యి పాడైపోయేంత ప్రమాదం.

ఎయిర్ తీశాక ఇంజిన్ అందుకుని నిమిషంలో ఆగిపోతే గాలి ఇంకా ఎక్కడో దూరుతోందన్నమాట. మా బండికి దొరికిన చోటు చెబుతాను. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే పైపు క్లిప్పు కింద వెంట్రుకవాసి పగులు. బయట ఒక్క చుక్క డీజిల్ కారలేదు. ఎందుకంటే ఆ వైపు పంపు లోపలికి పీలుస్తుంది, డీజిల్ బయటికి కారకుండా గాలే లోపలికి పోతుంది. క్లిప్పు తీసి పైపు వంచితేగానీ కనబడలేదు. పగిలిన చివర కోసేసి మళ్లీ బిగించాం, బండి నడిచింది. పాత రాగి వాషర్లు కూడా ఇలాగే మోసం చేస్తాయి. విప్పిన చోటల్లా కొత్తవి వేయండి.

తెల్లపొగ వస్తూ అందుకోకపోతే ఎయిర్ క్లీనర్ చూడండి, ఎలుకలు గూడు పెట్టి ఉండొచ్చు. అదీ శుభ్రంగా ఉంటే నాజిళ్లు పరీక్ష చేయించి, కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుడు బలం) చూపించాలి. అంతేగానీ గాలి గొట్టం దగ్గర గుడ్డ అంటించడం, పెట్రోలు పోయడం వద్దు. పిస్టన్ రింగులు విరుగుతాయి, మనుషులు కాలిపోతారు. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపి నేల మీద నిలబడి స్టార్ట్ చేయడం కూడా ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. గేరులో ఉంటే పెద్ద చక్రం మీ మీదికే వస్తుంది. ఇలా ప్రాణాలు పోతాయి.

ఇవన్నీ చేశాక, పంపు దాకా డీజిల్ బుడగ లేకుండా వస్తూ, నాజిల్ నట్ల దగ్గర మాత్రం రాకపోతే, అప్పుడు తప్పు పంపుదే. దాన్ని షెడ్డులో విప్పనివ్వకండి. మొత్తంగా ఊడదీయించి, పంపును పరీక్షించి సరిచేసే కాలిబ్రేషన్ బెంచీ ఉన్న డీజిల్ పంపుల షాపుకు తీసుకెళ్లండి. ఊడదీసేముందు టైమింగ్ గుర్తులు (పంపు ఏ స్థితిలో బిగించి ఉందో చూపే గీతలు) ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.